చిన్న ఆడకుక్కకి స్పే ఆపరేషన్ చేయించాలా వద్దా, చేయిస్తే ఎప్పుడు?

చిన్న జాతి ఆడ కుక్కపిల్లకి అయిదారు నెలలు వచ్చేసరికి ఇంట్లో ఒకటే టెన్షన్. స్పే అంటే పిల్లలు పుట్టకుండా అండాశయాలు, చాలాసార్లు వాటితో పాటు గర్భసంచి కూడా తీసేసే ఆపరేషన్. ఆపరేషన్ ఇప్పుడే చేయించేయాలా, ఒకసారి హీట్‌కి, అంటే ఎదకి వచ్చాక చేయించాలా, అసలు చేయించకుండా వదిలేయాలా? ఒకరు తొందరగా చేయించేయమంటారు. ఇంకొకరు ఎముకలు పాడవుతాయి, క్యాన్సర్ వస్తుంది, రెండేళ్లు ఆగండి అంటారు. మరొకరు ఒక్కసారైనా పిల్లలు పెట్టనివ్వండి పాపం అంటారు. ముగ్గురూ మంచి మనసుతోనే చెబుతారు, కానీ రెండో మాట ఎక్కువగా పెద్ద కుక్కల విషయంలో పుట్టింది, మూడో మాటకైతే ఆధారమే లేదు. మూడు నాలుగు కిలోల కుక్క లెక్క వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆరోగ్యంగా ఉండి, పిల్లలు పెట్టించే ఉద్దేశం లేని చిన్న ఆడకుక్కకి స్పే చేయించడమే మేలు. మొదటి హీట్‌కి ముందు చేయించినా మంచిదే, మొదటి హీట్ అయిపోయిన రెండు మూడు నెలలకి చేయించినా మంచిదే, ఆ రెండింట్లో ఏది అన్నది మీ కుక్కని చూసి తేల్చుకోవాల్సిన విషయం. చేయించకుండా ఉంచుకోవడం నేరమేమీ కాదు, అలా ఉంచుకుని పదిహేనేళ్లు చక్కగా సాకేవాళ్లూ ఉంటారు, కాకపోతే దానికి ఎంత కాపలా కావాలో ముందు తెలుసుకుని ఆ దారిలో వెళ్లాలి.

ఎముకలు, క్యాన్సర్ అనే భయం సంగతి

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్ పశువైద్య పరిశోధకులు 2020లో 35 జాతుల కుక్కల రికార్డులు తీసి, ఏ వయసులో ఆపరేషన్ చేస్తే కీళ్ల జబ్బులు, క్యాన్సర్లు ఎలా ఉన్నాయో జాతుల వారీగా పోల్చారు. గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద కుక్కల్లో ఏడాది నిండకముందే ఆపరేషన్ అయినవాటికి కీళ్ల సమస్యలు ఎక్కువ కనిపించాయి. ఎదిగే వయసులో ఎముకల చివర్లు సమయానికి గట్టిపడి ఎదుగుదల ఆగడానికి ఆపరేషన్‌తో పోయే ఆ పునరుత్పత్తి హార్మోన్లే సాయపడతాయి, అవి ముందే పోతే ఎముక మరికాస్త పొడవు సాగుతుంది, ముప్పై కిలోల బరువు మోసే కీలుకి ఆ తేడా భారమే. అదే పరిశోధనలో చివావా, యార్క్‌షైర్ టెర్రియర్, పగ్ లాంటి చిన్న జాతుల్లో ఆపరేషన్ వల్ల కీళ్ల సమస్యలు పెరిగినట్టు కనిపించలేదు. చిన్నవాటిలో క్యాన్సర్ విషయంలో తేడా చూపించింది రెండు జాతులు, బోస్టన్ టెర్రియర్, షీజూ. మీది షీజూ అయితే ఈ సంగతి మీ డాక్టర్‌తో విడిగా మాట్లాడండి, తొందరపడకండి. మిగతా చిన్న జాతుల వాళ్లు మాత్రం పెద్ద కుక్కల గురించి రాసింది చదివి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన సూచన కూడా ఇలాగే ఉంది. పెద్దయ్యాక సుమారు 20 కిలోలు దాటని ఆడకుక్కలకి మొదటి హీట్‌కి ముందు, అంటే అయిదారు నెలల వయసులో చేయవచ్చని, అంతకన్నా పెద్దవాటికి మాత్రం 5 నుంచి 15 నెలల మధ్య ఎప్పుడన్నది డాక్టర్ విచక్షణకి వదిలేయాలని వాళ్లు చెప్పారు.

అన్నిటికన్నా పెద్ద కారణం గర్భసంచిలో చీము

నేను స్పే వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే, పయోమెట్రా. హీట్ అయిపోయాక కడుపు వచ్చినా రాకపోయినా కుక్క ఒంట్లో ప్రొజెస్టెరాన్ అనే గర్భం హార్మోన్ సుమారు రెండు నెలల పాటు ఎక్కువగా ఉంటుంది. గర్భసంచి లోపలి పొర ప్రతిసారీ పిల్లల కోసం మందంగా తయారవుతుంది, పిల్లలు లేకపోయినా సరే. ఇలా ఏడాదికి ఒకటి రెండు సార్లు, ఏళ్ల తరబడి జరిగి జరిగి ఆ పొర పాడవుతుంది, హీట్ సమయంలో తెరుచుకున్న దారిలోంచి బాక్టీరియా లోపలికి చేరుతుంది, దారి మూసుకున్నాక లోపల చీము నిండుతుంది. కుక్కలకి మనుషుల్లా ఒక వయసు వచ్చాక ఇదంతా ఆగిపోవడం అంటూ ఉండదు. హీట్లు దూరం దూరంగా రావచ్చు, కానీ ముసలి వయసులో కూడా వస్తూనే ఉంటాయి, వయసుతో పాటు ముప్పు కూడా పెరుగుతూ పోతుంది.

ఎంత ముప్పు? స్వీడన్‌లో ఒకప్పుడు కుక్కలకి ఈ ఆపరేషన్లు చాలా తక్కువ, అందుకని ఆపరేషన్ కాని ఆడకుక్కలకి ఏమవుతుందో తెలియడానికి అక్కడి ఇన్సూరెన్స్ రికార్డులు బాగా పనికొచ్చాయి. పదేళ్లు వచ్చేలోపు సుమారు ప్రతి నాలుగైదు ఆడకుక్కల్లో ఒకదానికి పయోమెట్రా వచ్చింది. అన్ని జాతులకీ ఒకేలా లేదు, కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌కి ఎక్కువ, డాక్స్‌హండ్‌కి తక్కువ.

హీట్ అయిన నెల నుంచి రెండు నెలల లోపు ఇది ఎక్కువగా బయటపడుతుంది. నీళ్లు విపరీతంగా తాగడం, మాటిమాటికీ మూత్రం, తిండి మానేయడం, వాంతులు, ఒక మూల ముడుచుకుని పడుకోవడం, యోని నుంచి చీము కారడం. దారి మూసుకుపోయిన రకంలో ఆ చీము కూడా బయటికి రాదు, అదే మరీ ప్రమాదం, వారం క్రితం బాగున్న కుక్క ఈ వారం ప్రాణాల మీదికి వస్తుంది. దీనికి చికిత్స చాలావరకు మళ్లీ అదే ఆపరేషన్, కానీ ఈసారి జ్వరంతో, ఒంట్లో నీళ్లు తగ్గిపోయి, చీము నిండి ఉబ్బిన గర్భసంచితో, అర్ధరాత్రి అయినా అపరాత్రి అయినా.

ఇక్కడ ఒక లెక్క చూడండి. బ్రిటన్‌లో 2008లో వచ్చిన పెద్ద అధ్యయనం సుమారు 98 వేల కుక్కలకి ఇచ్చిన మత్తుని పరిశీలించింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో మత్తు వల్ల చనిపోయినవి 0.05 శాతం, అంటే రెండు వేలలో ఒకటి. జబ్బుతో ఉన్న కుక్కల్లో 1.33 శాతం, అంటే 75లో ఒకటి. మత్తు అంటే భయం కాబట్టి ఆపరేషన్ వద్దనుకునే వాళ్లని నేను అర్థం చేసుకోగలను, రెండు అరచేతుల్లో పట్టేంత ప్రాణాన్ని టేబుల్ మీద వదిలి బయట కూర్చోవడం తేలిక కాదు. కానీ వద్దనుకున్నంత మాత్రాన ఆ కుక్కకి మత్తు తప్పుతుందన్న హామీ లేదు, ఎనిమిదేళ్ల వయసులో జబ్బుతో ఉన్నప్పుడు ఇవ్వాల్సి రావచ్చు.

రొమ్ము గడ్డల లెక్క, అందులో ఉన్న మెలిక

మొదటి హీట్‌కి ముందు చేయిస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు 0.5 శాతం, మొదటి హీట్ తర్వాత అయితే 8 శాతం, రెండో హీట్ తర్వాత 26 శాతం. ఈ అంకెలు మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. 1969 నాటి ఒక అమెరికన్ పరిశోధనలోవి. చాలామంది దీన్ని తప్పుగా చదువుతారు, నూటికి 26 కుక్కలకి క్యాన్సర్ వస్తుందని. అది కాదు దాని అర్థం. ఆపరేషన్ చేయించని కుక్కకి ఉండే ముప్పుని 100 అనుకుంటే, రెండో హీట్ తర్వాత చేయించిన దానికి 26 మాత్రమే ఉంటుందని. అంటే రెండు హీట్లు దాటాక చేయించినా ముప్పు నాలుగో వంతుకి తగ్గుతున్నట్టు లెక్క. ఒక హీట్‌కీ సున్నా హీట్‌కీ మధ్య తేడా అంకెల్లో పెద్దగా కనిపించినా, నిజానికి రెండూ తక్కువే.

ఇంకో సంగతి, 2012లో లండన్ పరిశోధకులు ఈ విషయం మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి, ఆధారాలు అనుకున్నంత బలంగా లేవని తేల్చారు. రక్షణ లేదని కాదు, ఎంత అన్నది కచ్చితంగా చెప్పలేమని. పైగా చిన్న జాతుల్లో వచ్చే రొమ్ము గడ్డల్లో ప్రమాదకరమైనవి పెద్ద జాతుల కన్నా తక్కువ. కాబట్టి ఒక హీట్ వచ్చేసిందని, అయ్యో ఆలస్యం చేశామని కుమిలిపోవాల్సిన పని లేదు.

ఆపరేషన్ వల్ల వచ్చే చిక్కులు

ఉన్నాయి, దాచకూడదు. మొదటిది మూత్రం కారడం, నిద్రలో పడుకున్న చోట తడి అవుతుంది. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో కొన్నేళ్లకో మొదలవుతుంది. 1989 నాటి ఒక అధ్యయనంలో 20 కిలోలు పైబడిన కుక్కల్లో దాదాపు 30 శాతానికి ఇది వస్తే, అంతకన్నా చిన్నవాటిలో 9 శాతానికి వచ్చింది. ఇక్కడా బరువే తేడా. వచ్చినా చాలా కుక్కలకి మందులతో అదుపులో ఉంటుంది. మరీ పసితనంలో, మూడు నెలల లోపు చేస్తే ఈ సమస్య పెరుగుతుంది కాబట్టి అంత తొందర మాత్రం వద్దు.

రెండోది బరువు, చిన్న కుక్కకి నా దృష్టిలో అసలైన చిక్కు ఇదే. ఆపరేషన్ తర్వాత ఒంటికి కావాల్సిన తిండి నాలుగో వంతు దాకా తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. మూడు కిలోల కుక్క 300 గ్రాములు పెరిగితే మన కంటికి ఆనదు, కానీ దాని ఒంటికి అది పది శాతం. చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకి జారడం, గొంతులో శ్వాసనాళం మెత్తబడి నొక్కుకుపోవడం మామూలుగానే ఎక్కువ, ఈ రెండింటినీ కొవ్వు ఇంకా చెడగొడుతుంది. దీనికి మందు మీ చేతిలోనే ఉంది. కుట్లు మానాక గిన్నెలో వేసేది కొలిచి తగ్గించండి, రెండు వారాలకోసారి తూకం వేయండి, ఇంట్లో ప్రతి ఒక్కరూ విడివిడిగా పెట్టే బిస్కెట్లు కూడా ఆ కొలతలోకే రావాలి. ఆపరేషన్ వల్ల లావైపోయింది అంటారు గానీ, కొలత మార్చని ఇళ్లలోనే అది ఎక్కువ జరుగుతుంది.

బొచ్చు మారడం కూడా ఉంది. స్పానియల్, పొడవు బొచ్చు డాక్స్‌హండ్ లాంటి వాటికి బొచ్చు దూదిలా మెత్తబడి చిక్కులు పడుతుంది, దువ్వడం పెరుగుతుంది, అంతకు మించి ఇబ్బంది లేదు.

స్వభావం గురించి ఒక మాట. మొరగడం, కొత్తవాళ్లని కరవబోవడం తగ్గుతాయని ఆశపడి స్పే చేయించకండి. మగకుక్క వాసన గుర్తులు పెట్టడం లాంటివాటికి ఆపరేషన్ పనిచేసినట్టు ఆడకుక్క కోపానికి పనిచేయదు, చిన్న వయసులోనే దూకుడుగా ఉన్న ఆడ కుక్కపిల్లల్లో ఆ తర్వాత అది పెరిగిన సందర్భాలు కూడా పరిశోధనల్లో ఉన్నాయి. మీ కుక్క ప్రతిదానికీ బెదిరిపోతుంటే, ముట్టుకుంటే ఉలిక్కిపడుతుంటే, ముందు ఆ భయం మీద పనిచేసి, ఒక హీట్ దాటనిచ్చి ఆపరేషన్ గురించి ఆలోచించండి.

మొదటి హీట్‌కి ముందా, తర్వాతా

చిన్న కుక్కలు తొందరగా ఎదుగుతాయి. మొదటి హీట్ సాధారణంగా ఆరు నుంచి పది నెలల మధ్య, కొన్నిటికి అయిదో నెలలోనే. టీకాలు పూర్తయ్యేసరికి నాలుగు నెలలు దాటుతుంది, కాబట్టి ముందే చేయించాలనుకుంటే ఉన్న వ్యవధి చాలా తక్కువ. పైగా బుల్లి కుక్కలు తమని తాము నాకి శుభ్రం చేసుకుంటాయి, రక్తం చుక్క కూడా నేల మీద కనిపించదు, హీట్ వచ్చిపోయిన సంగతే మీకు తెలియకపోవచ్చు. అందుకే ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు వారం పది రోజులు తెల్లటి గుడ్డ మీద పడుకోబెట్టి చూడండి, యోని భాగం ఉబ్బిందేమో గమనించండి. హీట్‌లో ఉన్నప్పుడు గర్భసంచి దగ్గరి రక్తనాళాలు బాగా ఉబ్బి ఉంటాయి, ఆపరేషన్‌లో రక్తస్రావం పెరుగుతుంది, చిన్న ఒంట్లో ఉండే రక్తమే కొంచెం.

ముందు చేయించడంలో ఉన్న సుఖం ఏంటంటే, ఒక్క హీట్ కాపలా కూడా పడదు, చిన్న వయసులో తొందరగా కోలుకుంటాయి, కొవ్వు తక్కువ కాబట్టి డాక్టర్‌కి పని సులువు. చిన్న జాతుల్లో పాల కోరలు ఊడకుండా కొత్త కోరల పక్కనే ఉండిపోవడం చాలా మామూలు, ఆరేడు నెలలు వచ్చాక కూడా ఉంటే పీకేయాలి, అదీ మత్తులోనే. బొడ్డు దగ్గర హెర్నియా ఉంటే దానికీ మత్తు కావాలి. ఈ పనులన్నీ ఒకే మత్తులో అయిపోతే మంచిది కదా. కాబట్టి ఆరు నెలలు దగ్గరపడుతుండగా ఒకసారి నోరు తెరిచి కోరలు చూడమని డాక్టర్‌ని అడగండి, పాల కోరలు కదులుతుంటే రెండు మూడు వారాలు ఆగి చూడొచ్చు, హీట్ లక్షణాలు మొదలు కానంత వరకు.

తర్వాత చేయించడం మేలు అనిపించే సందర్భాలు కొన్ని. యోని భాగం లోపలికి ముడుచుకుని, చుట్టూ చర్మం మడతపడి, తరచూ అక్కడ పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే పిల్ల అయితే ఒక హీట్ వచ్చేదాకా ఆగితే ఆ భాగం ఎదిగి విచ్చుకునే అవకాశం ఉంది. ఆరు నెలలకి కూడా కిలోన్నర దాటని, తిండి సరిగా పట్టని పిల్ల అయితే ఆగండి, బరువు చేరనివ్వండి. 5 కిలోల లోపు కుక్కలకి మత్తులో ముప్పు మిగతా వాటికన్నా ఎక్కువని నేను పైన చెప్పిన బ్రిటన్ అధ్యయనంలోనే ఉంది. అలాగే బెదురు ఎక్కువున్న పిల్లలకి కూడా ఆగడమే మేలు.

ఆగినప్పుడు మాత్రం హీట్ మొదలైన రోజు రాసిపెట్టుకోండి. హీట్ రెండు మూడు వారాలు ఉంటుంది, అది అయిపోయిన రెండు మూడు నెలలకి చేయించడం మంచిది. అంతకు ముందు చేస్తే హార్మోన్లు ఒక్కసారిగా పడిపోయి, కడుపు లేకుండానే పాలు రావడం, బొమ్మల్ని పిల్లల్లా దాచుకోవడం లాంటి ఉత్తుత్తి గర్భం లక్షణాలు మొదలై నెలల తరబడి వదలకపోవచ్చు. రొమ్ముల్లో పాలు ఉన్నాయంటే ఆపరేషన్ వాయిదా వేయించండి.

చేయించకుండా ఉంచుకుంటే

పిల్లలు పెట్టించాలని అనుకుంటే చిన్న జాతుల కాన్పు ఎలా ఉంటుందో ముందు తెలుసుకోండి. తల్లి ఇరుకు, కడుపులో ఒకటో రెండో పిల్లలే ఉంటే అవి బాగా పెరిగిపోతాయి, తల పట్టదు. చివావా, పగ్ లాంటివాటికి ఇది తరచూ జరిగేదే. బ్రిటన్‌లో 2010లో వచ్చిన ఒక సర్వేలో బోస్టన్ టెర్రియర్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ కాన్పుల్లో 80 శాతం పైన సిజేరియన్లే. పిల్లలు పాలు తాగే రోజుల్లో చిన్న తల్లులకి రక్తంలో కాల్షియం పడిపోయి వణుకు, ఫిట్స్ వస్తాయి, గంటల్లో చికిత్స అందాలి. ఒక్క కాన్పు అయితే ఆరోగ్యం అనే మాటలో ఆరోగ్యం ఎక్కడుందో నాకైతే కనిపించదు. దాన్ని కోరి చేయడం అంటే మీరు ఎంతో ఇష్టపడే కుక్కని ఏ అవసరం లేకుండా ప్రమాదంలోకి నెట్టడమే.

పిల్లలు వద్దు, ఆపరేషనూ వద్దు అనుకుంటే ఏడాదికి సుమారు రెండు హీట్లు, ఒక్కోటి మూడు వారాల కాపలా. మొదటి వారం పది రోజులు రక్తం ఎర్రగా ఉంటుంది, అప్పుడు అది మగకుక్కని దగ్గరికి రానివ్వదు. ఆ తర్వాత రంగు పలచబడి గడ్డి రంగులోకి వస్తుంది, హమ్మయ్య అయిపోయింది అని ఇంట్లో వాళ్లు పట్టు సడలిస్తారు, సరిగ్గా కడుపు వచ్చే రోజులు అవే. తలుపు తీసి ఉన్న అర నిమిషం చాలు. వచ్చే మగకుక్క దానికన్నా మూడింతలు పెద్దదై ఉండొచ్చు, అలాంటి కడుపు చిన్న తల్లికి గండమే. తెలియకుండా కలిసిందని అనుమానం వస్తే ఆగి చూద్దాం అనుకోకండి, వెంటనే డాక్టర్‌ని కలిస్తే చేయడానికి దారులుంటాయి. డైపర్లు ఇల్లు పాడవకుండా ఆపుతాయి, మగకుక్కని ఆపవు. స్వేచ్ఛగా తిరిగే కుక్కలున్న చోట కలయిక వల్ల అంటుకునే క్యాన్సర్ గడ్డ కూడా ఒకటుంది, జననాంగాల దగ్గర కాలీఫ్లవర్‌లా పెరుగుతుంది.

హీట్ అయ్యాక రెండు నెలలు నీళ్ల గిన్నె మీద ఓ కన్నేసి ఉంచండి. నెలకోసారి వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నుంచి తొడల మధ్య దాకా రెండు వరుసల్లో ఉన్న రొమ్ములన్నీ వేళ్లతో తడిమి చూడండి. గడ్డలు ఎక్కువగా వెనక కాళ్ల దగ్గరి రెండు జతల్లో వస్తాయి. బియ్యపు గింజంత తగిలినా చూపించండి, తర్వాత చూద్దాం అనుకోవద్దు. ఇదంతా దాని జీవితకాలం చేయగలిగిన ఇల్లు అయితే, ఇంట్లో ఎప్పుడూ ఒకరు ఉంటే, మగకుక్క లేకపోతే, చేయించకుండా ఉంచుకోండి, మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టకూడదు.

మధ్యేమార్గం అని హీట్ రాకుండా ఆపే హార్మోన్ ఇంజెక్షన్ల వైపు మాత్రం వెళ్లకండి. అవి ప్రొజెస్టెరాన్ లాంటి మందులు, గర్భసంచిలో చీముకి, రొమ్ము గడ్డలకి, షుగర్‌కి దారి తీస్తాయి. ఏ ముప్పు తప్పించుకోవాలని చూస్తున్నామో దాన్నే పెంచే పని అది.

ఏ పద్ధతి

అండాశయాలు, గర్భసంచి రెండూ తీయడం ఒక పద్ధతి, అండాశయాలు మాత్రమే తీయడం ఇంకోటి. యూరప్‌లో రెండోది ఎక్కువ. గర్భసంచి ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసు కుక్కకి రెండూ సమానమే. అండాశయాలు పూర్తిగా పోతే గర్భసంచి ముడుచుకుపోతుంది, అందులో చీము పట్టే పరిస్థితే ఉండదు. మీ డాక్టర్ చేయి తిరిగింది ఏదైతే అదే మంచిది. చిన్న ముక్క అండాశయం లోపల ఉండిపోతే మళ్లీ హీట్ లక్షణాలు వస్తాయి, అలా వస్తే వెళ్లి అడగండి, ఊరుకోవద్దు.

లాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాలతో చేసేది, నొప్పి తగ్గిస్తుంది. 10 కిలోల లోపు కుక్కల మీద 2009లో చేసిన ఒక పరిశోధనలో మామూలు కోత పెట్టినవి ఆపరేషన్ తర్వాత కదలడం బాగా తగ్గించేశాయి, లాప్రోస్కోపీ అయినవి అంతగా తగ్గించలేదు. కానీ బుల్లి కుక్క పొట్టలో చోటు తక్కువ, చిన్న కుక్కలకి తరచూ చేసే అలవాటున్న చోటే చేయించండి. దానికోసం దూరం వెళ్లాల్సి వస్తే మామూలు పద్ధతే చాలు, బాగా చేసిన మామూలు ఆపరేషన్‌లో లోపమేమీ లేదు.

గర్భసంచి తీసి అండాశయాలు ఉంచే పద్ధతి కూడా ఉంది. హార్మోన్లు ఉంటాయి, పిల్లలు పుట్టరు. పెద్ద జాతులకి కీళ్ల కోసం దీని గురించి ఆలోచించడంలో అర్థం ఉంది. చిన్న కుక్కకి ఆ లాభం దాదాపు లేదు, హీట్లు మాత్రం వస్తూనే ఉంటాయి, మగకుక్కలు వెంటపడుతూనే ఉంటాయి, రొమ్ము గడ్డల ముప్పు అలాగే ఉంటుంది. నేనైతే దీన్ని ఎంచుకోను.

డాక్టర్‌ని అడగాల్సినవి

ఎవరు చేస్తారన్నది ఏ వయసులో చేస్తారన్నదానికన్నా తక్కువ విషయం కాదు. చిన్న ఒళ్లు మత్తులో తొందరగా చల్లబడిపోతుంది, కాబట్టి ఆపరేషన్ మొదలైనప్పటి నుంచి పూర్తిగా మెలకువ వచ్చేదాకా వెచ్చగా ఉంచే ఏర్పాటు ఏముందో అడగండి. ఆపరేషన్ చేసే డాక్టర్ కాకుండా మత్తుని, గుండెని, ఊపిరిని చూడటానికి విడిగా మనిషి ఉంటారా? సెలైన్ పెడతారా? ముందు రక్త పరీక్ష చేస్తారా? నొప్పికి ఏమిస్తారు, ఇంటికి ఎన్ని రోజులకి ఇస్తారు? పగ్, షీజూ లాంటి చప్పిడి ముక్కు కుక్క అయితే గొంతులో గొట్టం ఎప్పుడు తీస్తారు, తీశాక ఎంతసేపు పక్కనుంటారు? ఇవి అడిగితే విసుక్కునే చోటు మీకు సరైన చోటు కాదు.

ముందు రోజు రాత్రి నుంచి పస్తు పెట్టమని పెద్ద కుక్కకి చెప్పినట్టే రెండు కిలోల పిల్లకీ చెబితే మళ్లీ అడగండి. చిన్న కుక్కపిల్లలకి ఎక్కువసేపు కడుపు ఖాళీగా ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుంది, వాటికి పస్తు గంటలు తక్కువ ఉండాలి, వీలైతే ఉదయం మొదటి ఆపరేషన్ మీదే అయ్యేలా చూసుకోండి.

ఇంటికొచ్చాక 10 నుంచి 14 రోజులు కుట్లు నాకకుండా మెడకి కోన్ గానీ ఒంటికి సూట్ గానీ ఉండాలి, సోఫా మీద నుంచి దూకకూడదు, స్నానం వద్దు. మూడో రోజుకే హుషారుగా ఎగురుతుంది, అప్పుడే లోపలి కుట్లు తెగే ప్రమాదం, పెట్టె గానీ చిన్న గది గానీ సిద్ధం చేసుకోండి. నొప్పిగా ఉందని మన ఇంట్లో ఉండే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ వేయకండి, ఆ సైజు కుక్కకి ఒక్క మాత్ర కూడా విషమవుతుంది. చిగుళ్లు తెల్లబోవడం, లేవలేకపోవడం, పొట్ట ఉబ్బడం, కోత నుంచి ఆగకుండా రక్తం, వీటిల్లో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు.

ఇప్పటికే ఏడెనిమిదేళ్లు దాటిపోయి ఉంటే

ఇంత ఆలస్యమయ్యాక ఇంకెందుకులే అనుకుంటారు, కానీ పయోమెట్రా ముప్పు బాగా పెరిగే వయసే అది, కాబట్టి ఆపరేషన్ వల్ల వచ్చే మేలు ఇంకా మిగిలే ఉంది. రొమ్ము గడ్డల విషయంలో మాత్రం ఈ వయసులో రక్షణ పెద్దగా ఆశించవద్దు. చిన్న జాతుల్లో వయసుతో పాటు గుండె కవాటం లీకవడం ఎక్కువ, అందుకే ముందు గుండె శబ్దం విని, రక్త పరీక్ష, అవసరమైతే గుండె స్కాన్ చేయించి, అవి బాగుంటే ముందుకి వెళ్లండి. పళ్ల గార తీయించాల్సి ఉంటే అదే మత్తులో కుదురుతుందా, లేక విడిగా చేయడం మంచిదా అన్నది డాక్టర్ చెబుతారు, నోట్లో చీము ఉంటే విడిగానే చేస్తామంటారు చాలామంది. గుండె బాగాలేదు, మత్తు ఇవ్వడం మంచిది కాదు అని తేలితే అప్పుడు పైన చెప్పిన కాపలాయే దారి. హీట్ తేదీలు రాసుకోవడం, ఆ తర్వాత రెండు నెలలు నీళ్లు, తిండి గమనించడం, అనుమానం వస్తే ఆ రోజే పొట్ట అల్ట్రాసౌండ్ చేయించడం.